అడుగు నల్లబడ్డ కాయలు

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ గడియారం బాబాయే. ముప్ఫై ఒక్క ఏళ్ళు నాలుగు వీధులకు మంచినీళ్ళు వదిలిన మనిషి. పొద్దున్న ఆరింటికి రోడ్డు మధ్య ఇనుప మూత ఎత్తి వాల్వు తిప్పేవాడు, ఏడింటికి కట్టేసేవాడు. జ్వరమొచ్చినా, వానొచ్చినా అంతే. ఒక్క నిమిషం ఆగమని బతిమాలితే ఇంతెత్తున లేచేవాడు. చెప్పొద్దూ, ఆయన నోటికి జడిసి సగం బిందెతో ఇంటికెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

రిటైరయ్యాక ఆ పంతమంతా రెండు పనుల మీద పెట్టాడు. ఒకటి, పెరట్లో గోడవారన వేసిన ఎనిమిది టమాటా మొక్కలు. రెండోది, భార్యకు రెండు పూటలా ఇన్సులిన్ సూది. షుగరుతో ఆవిడ చూపు మసకబారింది. సీసాలోంచి మందు ఎంత లాగిందీ ఆవిడకు కనిపించదు. పిల్లలు లేరు. ఇక ఆవిడ ప్రాణం ఆయన చేతుల్లోనే ఉందన్నమాట.

ఈ ఏడాది కాయలన్నీ పాడయ్యాయి. మొక్కలు ఏపుగానే ఉన్నాయి, పూత కూడా నిలిచింది. కాయ నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున నల్లమచ్చ పడి, గుంటపడి, తోలులా గట్టిపడుతోంది. దక్కిన నాలుగూ పండకముందే పగిలిపోతున్నాయి. కోడిగుడ్డు పెంకులు దంచి పోశాడు. మట్టి మార్చాడు. పక్కింటి ఇస్త్రీ అమ్మాయి బొగ్గుల పొగ వల్లే ఇదంతా అని ఆమెతో దెబ్బలాడాడు. చివరికి రెండు కాయలు గుడ్డలో చుట్టుకుని విత్తనాల కొట్టుకు వెళ్ళాడు.

కొట్టాయన కాయ తిరగేసి చూశాడు. "పురుగూ కాదు, తెగులూ కాదు పెద్దాయనా. నీళ్ళ తేడా. ఒకరోజు ముంచేస్తున్నారు, ఇంకోరోజు ఎండగడుతున్నారు. రోజూ ఒకేలా పోయండి."

"ఎవరికయ్యా చెబుతున్నావు నీళ్ళ సంగతి? నాకా?"

ఒళ్ళు మండిపోయింది ఆయనకు. ఇంటికొచ్చి ఏడు పాత డబ్బాలు వెతికి, వాటి మీద వారాల పేర్లు రాశాడు. మూతలకు చిల్లు పెట్టి, ఎవరూ వేలుపెట్టకుండా తీగతో బిగించాడు. నీళ్ళు పోసిన ప్రతిసారీ ఆ రోజు డబ్బాలో ఒక గులకరాయి. వారం తిరిగాక ఆ కొట్టాయన ముఖాన డబ్బాకొకటి చొప్పున ఏడు రాళ్ళు పోసి రావాలని ఆయన ఆలోచన.

ఎనిమిదో రోజు పొద్దున్నే ఇస్త్రీ అమ్మాయిని సాక్ష్యానికి పిలిచి, ఆమె ముందే తీగలు విప్పాడు. సోమవారం ఒకటి. మంగళవారం నాలుగు. బుధవారం ఏమీ లేదు. గురువారమూ లేదు. శుక్రవారం డబ్బాలోంచి అయిదు రాలాయి.

"ఎవరు వేశారివి? నువ్వేనా?"

"నేనెందుకు వేస్తాను బాబాయ్? అన్నీ మీరే వేశారు. బట్టలు ఇస్త్రీ చేస్తూ రోజూ చూస్తూనే ఉన్నాను. మళ్ళీ పోస్తున్నారేంటని అడిగితే కసిరారు కదా."

ఆయన మొక్కల వంక చూడలేదు. భార్య ఉన్న గది కిటికీ వంక చూశాడు. కిందటి నెల ఆవిడ ఒళ్ళంతా చెమటలు పట్టి పడిపోయింది. షుగరు పడిపోయిందన్నాడు డాక్టరు. అన్నం సరిగా తినవంటూ ఆవిడకు వారం రోజులు చీవాట్లు పెట్టాడాయన.

లోపలికి వెళ్ళాడు.

"ఏమే, పొద్దున సూది వేశానా?"

"వేశారు."

"ఎన్నిసార్లు?"

"రెండోసారి వచ్చారు. అయిపోయిందని చెబితే వెళ్ళిపోయారు."

"చెబితే ప్రతిసారీ వింటున్నానా?"

"కిందటి నెల ఒక్కసారి మాత్రం వినలేదు. నాకే లెక్కలు చెబుతావా అని కేకలేశారు. ఏం చేయను, చెయ్యి చాపాను."

ఆయన మంచం పట్టె మీద కూలబడి ఏడ్చాడు. ఆవిడ తడుముకుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది. "ఇన్నాళ్ళూ గడియారం గడియారం అన్న మనిషికి నేనెలా చెప్పను?" అంది.

కాసేపటికి లేచి మందు సీసా, సూదుల డబ్బా తీసుకెళ్ళి ఇస్త్రీ అమ్మాయి చేతుల్లో పెట్టాడు. ఏ గీత దాకా లాగాలో చూపించాడు. ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. "ఇక నువ్వే వెయ్యాలమ్మా. నేనడిగినా ఇవ్వకు. తిట్టినా ఇవ్వకు."

సాయంత్రం ఆమె వెళ్ళి సూది వేసి వచ్చింది. వచ్చి ఒక చొక్కా మడత పెట్టిందో లేదో, ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, మా ఆవిడ సూదుల డబ్బా ఎవరో తీశారు. వేళ దాటిపోతోంది. నువ్వు చూశావా?"

"నేను వేసి వచ్చాను బాబాయ్."

"నువ్వెవరు వెయ్యడానికి? ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్క నిమిషం అటూ ఇటూ కానివాణ్ణి నేను! తే డబ్బా!"

వీధి వీధంతా వినేలా తిట్టాడు. పొద్దున్న ఆయనే అన్న మాట ఆమె గుర్తుచేయలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఆ తిట్లన్నీ పడింది. డబ్బా మాత్రం ఇవ్వలేదు.