లిఫ్టు బావ, బిల్డింగు ఫండు

మా అక్క మొగుడు లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం మేడలు సుఖంగా ఎక్కి దిగుతున్నాయంటే అది ఆయన చేతి చలవే. అలాంటి మనిషి ఇరవయ్యేళ్ళుగా కాపురం ఉన్నది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో, నాలుగో అంతస్తులో. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా ఏంటి?" అని నవ్వేసేవాడు.

అసలు సంగతి బాల్కనీ. అక్కణ్ణుంచి చూస్తే చుట్టుపక్కల మేడల డాబాలన్నీ కనిపిస్తాయి. ఒక్కో డాబా మీద లిఫ్టు మోటారు పెట్టే చిన్న గది ఉంటుంది. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని ఆ గదుల్ని ఒక్కొక్కటే పలకరిస్తాడు. "అదిగో, ఆ మూలది పోయిన నెల మూలిగింది. ఇప్పుడు చూడు, చప్పుడే లేదు," అంటాడు. కన్నపిల్లల గురించి కూడా ఎవరూ అంత మురిపెంగా చెప్పరు. పిల్లలు లేరు కాబట్టి ఆ మురిపెం అంతా లిఫ్టులకే పోయింది.

అక్కది యూనిఫాంలు కుట్టే కంపెనీలో బట్ట కత్తిరించే పని. పొద్దస్తమానం బల్ల దగ్గర నిలబడాలి. సాయంత్రం కూరల సంచీతో మెట్లెక్కాలి. ఈమధ్య ఆవిడ మోకాళ్ళు మాట వినడం మానేశాయి. మెట్లు తగ్గించమని డాక్టరు చెప్పాడు. ఆ రోజే బావ శపథం చేశాడు, లిఫ్టున్న ఇల్లు కొని మా అక్కని అందులో దించుతానని. బ్యాంకులో వేసుకున్న డబ్బు చేతికొచ్చింది గానీ, అది అలాంటి ఇంటికి చాలదు. ఎక్కడో పెట్టి పెంచాలి. ఎక్కడ పెట్టాలన్నదే మా ఇద్దరి మధ్య యుద్ధం.

బావ మనసు రియల్ ఎస్టేట్ మ్యూచువల్ ఫండు మీద పడింది. జనం దగ్గర డబ్బు పోగేసి, ఆఫీసు మేడలూ, షాపింగ్ కాంప్లెక్సులూ, గోడౌన్లూ ఉన్న కంపెనీల్లో పెడతారు. అద్దెలొస్తే మనకీ వాటా వస్తుంది. నేను కళ్ళద్దాల దుకాణం నడుపుతాను. దుకాణంలో కూర్చుని తీరిగ్గా చదివింది చాలా ఉంది కాబట్టి నా ఓటు ఇండెక్స్ ఫండుకి. బజార్లో ఉన్న పెద్ద కంపెనీలన్నిటిలోనూ తలా కొంచెం కొని ఊరుకుంటుంది. తెలివితేటలు చూపించదు, అందుకే ఖర్చూ తక్కువే.

"అన్ని కంపెనీలా? వాటిలో పనికిమాలినవి ఉండవూ?" అన్నాడు బావ.

"బోలెడు ఉంటాయి. ఏది పనికొస్తుందో, ఏది రాదో మనకి ముందే తెలీదు కాబట్టే అన్నీ కొనడం."

"ఏది మంచిదో తెలీక బజారంతా కొనుక్కొచ్చేవాణ్ణి ఏమంటార్రా? బిల్డింగంటే చేత్తో తట్టి చూడొచ్చు. నీ ఇండెక్సుని ఎక్కడ తట్టను?"

"బావా, ఒక ఇంట్లో అందరూ ఒకే కంపెనీలో పనిచేస్తున్నారనుకో. అది మూతపడిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నీ ఫండులో ఉన్నవాళ్ళందరూ అద్దెల మీదే బతికేవాళ్ళు. అద్దెలు పడిపోతే అందరూ కలిసి ఏడుస్తారు. ఇండెక్సులో ఒకడు ఏడుస్తుంటే ఇంకొకడు నవ్వుతుంటాడు. పైగా నీ బిల్డింగుల వాళ్ళు కూడా అందులో కొంతమంది ఉంటారు."

చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, బావమరిది మాటకి మాత్రం ఏం విలువుంటుంది! పైగా ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అక్క మధ్యలో కల్పించుకోలేదు. "ఇద్దరూ తేల్చుకోండి. డబ్బు మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాకే కదులుతుంది," అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

ఫండు వాళ్ళ కరపత్రంలో గాజు మేడ ఫోటో ఒకటి ఉంది. చూస్తే అది మా ఊళ్ళోదే. బావ ఎగిరి గంతేశాడు. "పదండి, వెళ్ళి చూద్దాం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు!"

మా ముగ్గురికీ వీలైన రోజు పొద్దున్న బయల్దేరాం. బావ ఇస్త్రీ చొక్కా తొడిగాడు. పెళ్ళిచూపులకి కూడా ఆయన అంత శ్రద్ధగా తయారవలేదని అక్క అంది. గేటు దగ్గర కాపలా ఆయన ఎవరు కావాలని అడిగితే, "లిఫ్టు చూడ్డానికొచ్చాం," అన్నాడు బావ. అందులో అబద్ధమేమీ లేదు. బావ ముఖంలో ఏం కనిపించిందో గానీ కాపలా ఆయన దారి ఇచ్చాడు.

బావ ఏ మేడ మంచిచెడ్డలైనా లిఫ్టుని బట్టే తేలుస్తాడు. గోడలు చూడడు, రంగులు చూడడు. లిఫ్టు బాగుంటే యజమాని బుద్ధిమంతుడు, లేకపోతే వెధవ, అంతే. లోపలికెళ్ళగానే జేబులోంచి ఒక నాణెం తీసి నేల మీద నిలువుగా నిలబెట్టాడు. పై అంతస్తు బటన్ నొక్కాడు. తలుపులు చప్పుడు లేకుండా మూసుకున్నాయి. లిఫ్టు లేచింది. పైదాకా వెళ్ళి ఆగేవరకూ ఆ నాణెం పడితే ఒట్టు.

బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనయింది. "చూశావురా? తాడు కొత్తది. పట్టాలు కొత్తవి. ఇంత బాగా చూసుకునేవాళ్ళకి డబ్బివ్వడానికి ఏడుస్తావేం?"

నిజం చెప్పొద్దూ, నాక్కూడా ముచ్చటేసింది. దిగివస్తుంటే అక్క మాత్రం నాణెం వైపు చూడలేదు. బటన్ల వైపు చూస్తోంది.

"ఇవి ఎప్పుడు పెట్టారంటారు?" అంది.

"బిల్డింగుతో పాటే. మూడు నాలుగేళ్ళయుంటుంది," అన్నాడు బావ.

"కింది అంతస్తుదీ, రెండోదీ, పైన క్యాంటీనుదీ అంకెలు అరిగాయి. మిగతావి తళతళ్ళాడుతున్నాయి. తొడిగిన చొక్కాకి బొత్తాం దగ్గర నలుగుతుందండీ. నలగలేదంటే తొడగలేదన్నమాట."

అక్క ఐదో అంతస్తు బటన్ నొక్కింది. తలుపులు తెరుచుకుంటే ఎదురుగా చీకటి వరండా. గాజు తలుపు మీద 'అద్దెకు ఇవ్వబడును' అని కాగితం, ఎండకి వెలిసి, ఒక మూల ఊడి వేలాడుతోంది. ఆరో అంతస్తూ అంతే, ఏడోదీ అంతే. ఎక్కేవాళ్ళు లేక లిఫ్టు పెళ్ళికూతురిలా ఉందన్నమాట! ముప్ఫయ్యేళ్ళు చెడిపోయిన లిఫ్టుల మధ్య బతికినవాడు, చెడిపోని లిఫ్టు కనిపిస్తే చాలు, అది మంచి మేడేనని నమ్మేశాడు.

బయటికొచ్చాక బావ బింకంగా, "ఒక్క బిల్డింగు చూసి ఫండునంతా అనెయ్యకూడదు. ఇది ఒక్క మెతుకే కదా," అన్నాడు.

"పొద్దున్న ఒక్క మెతుకు చాలన్నావు!" అన్నాను. అక్క నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్కన నిలబడిపోయింది. కాస్త దూరం నడిచాక బావ కూడా నవ్వాడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన అన్నదే సరైన మాట. మిగతా మేడలు కిటకిటలాడుతుండొచ్చు. కానీ తట్టి చూస్తే తెలిసిపోతుందన్న ధీమా మాత్రం ఆ లిఫ్టులోనే పోయింది.

"సరే, నీ ఇండెక్సే కానీ. ఎన్నాళ్ళలో ఇల్లొస్తుంది?" అన్నాడు.

ఆ ప్రశ్నకి నేను గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. "ఏడెనిమిదేళ్ళు కదపకూడదు బావా. మధ్యలో బాగా పడినా పడొచ్చు. పడినప్పుడు తీశావా, మునిగావన్నమాటే. నీ బిల్డింగు ఫండైనా ఈ విషయంలో ఇంతే. త్వరలో అవసరమయ్యే డబ్బు రెండింట్లోనూ పెట్టకూడదు."

బావ అక్క కాళ్ళ వైపు చూశాడు. అక్క చూపు తిప్పుకుని, "ఏడెనిమిదేళ్ళేగా, ఎక్కుతాలెండి," అంది.

వస్తూ వస్తూ బియ్యమూ, కూరలూ కొన్నాం. బిల్డింగు గుమ్మంలో ఇంటి ఓనరు భార్య అక్కని మాటల్లో పెట్టింది. ఎప్పుడూ అక్క మోసే కూరల సంచి ఆ రోజు బావ అందుకున్నాడు. బియ్యం బస్తా నా భుజానికెక్కింది. మూడో అంతస్తు మలుపు దగ్గరికొచ్చేసరికి నాకు ఆయాసం వచ్చింది. బస్తా దించి, "ఒక్క నిమిషం బావా," అన్నాను.

బావ గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ, మెట్టు మీద నిలబడ్డ ఆడమనిషి చెయ్యి ఆనించే ఎత్తులో, అరచేతి మేర సున్నం పోయి గోడ నున్నగా నల్లబడింది. చుట్టూ గోడంతా తెల్లగానే ఉంది. బావ తన చెయ్యి దాని మీద పెట్టాడు. ఆయనకి అది కిందికయింది. నాకూ కిందికే.

రోజూ సాయంత్రం ఇక్కడ ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని మిగతా మెట్లెక్కిన చెయ్యి ఎవరిదో మాకు తెలుసు. బావ సంచి పక్కన పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు.

"జీవితమంతా అరుగుదల చూసే బతికానురా. ఇది నా కంట పడలేదు," అన్నాడు. కళ్ళద్దాలమ్మే నా కంట కూడా పడలేదు.

లేచాడు. నేను బస్తా ఎత్తబోతే, "పైకొద్దు. కిందికి పట్టుకురా," అన్నాడు.

సంగతేమిటంటే, అదే బిల్డింగులో కింది వాటా ఆరునెలలుగా ఖాళీగానే ఉంది. అందులోకి మారతారా అని ఓనరు రెండుసార్లు అడిగాడు కూడా. నీళ్ళ మోటారు పక్కనే గది, కిటికీ తీస్తే ప్రహరీ గోడ. అందులో ఎవడుంటాడని బావే కొట్టిపారేశాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, గుమ్మంలో ఇల్లు పెట్టుకుని మేం గాజు మేడల్లో తిరిగాం. గుమ్మం దగ్గర ఇంకా కబుర్లలోనే ఉన్న ఓనరు భార్యతో, "కింది వాటా మాకివ్వండమ్మా. బియ్యం అప్పుడే వచ్చేశాయి," అన్నాడు బావ. అక్క తెల్లబోయి బస్తా వైపు చూసింది.

ఆ వారంలోనే దిగిపోయారు. తొందర తీరిపోయింది కాబట్టి డబ్బు ఇండెక్సులోకి వెళ్ళింది. బావ పరువు కోసం ఓ చిన్న ముక్క బిల్డింగు ఫండులోకి వెళ్ళింది. ఆర్నెల్లలో రెండూ పడ్డాయి, మళ్ళీ రెండూ లేచాయి. నాతో అంత వాదించినవాడు ఇప్పుడు అడగడం కూడా మానేశాడు.

మొన్న వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. ఎదురుగా ప్రహరీ గోడ తప్ప ఏమీ లేదు. అక్క పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఉన్నట్టుండి బావ అడిగాడు, "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేం, ఆ మలుపులో ఆగుతున్నావని?"

అక్క చిక్కుడుకాయ వైపే చూస్తూ, "చెబితే మర్నాడే దిగొచ్చేసేవారు. నాకు తెలుసు," అంది. "ఆ బాల్కనీ అంటే మీకు ప్రాణం కదండీ."

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. నీళ్ళ మోటారు ఏదో చప్పుడు చేస్తోంది, చూసొస్తానని స్పానరు తీసుకుని గబగబా వెళ్ళిపోయాడు. మోటారు ఆగి అప్పటికి గంట అయింది.