సవాగుచి వాళ్ల పురిటి బొంత

మంగలి షాపులోనూ చేపల కొట్టు దగ్గరా చెప్పుకుంటున్నదంతా తప్పు. మిత్సుయె ఎవరి పురిటి బొంతనూ కత్తెరతో ముక్కలు చెయ్యలేదు. దాంతో కోటు కుట్టి టోక్యో షోకిలాలకు అమ్ముకోనూ లేదు. ఆ రోజు నేను ఆమె ఇంట్లోనే, పొయ్యి పక్కన కూర్చుని ముల్లంగి ఊరగాయ నములుతున్నాను. అంతా నా కళ్లముందే జరిగింది.

మిత్సుయె అంటే మా సాన్నోహెలో రైలు పట్టాల అవతల ఒంటరిగా ఉంటుందే, ఆవిడ. మొగుడు పోయాక పాత అతుకుల బొంతలు తీసుకొచ్చి, విప్పి, ఉతికి, ఈ కాలం వాళ్లు వేసుకునే కోట్లుగా కుడుతోంది. హచినోహెలో ఒక షాపు వాళ్లు తీసుకెళ్తారు. ఒకప్పుడు మనవాళ్లు బొంత ఉందంటే పేదరికం బయటపడుతుందని అటకమీద దాచేవాళ్లు. ఇప్పుడవే భుజాన వేసుకుని తిరుగుతున్నారు. కాలం చూడండి!

ఆ దాచడం దగ్గరే తంటా వచ్చింది.

సవాగుచి వాళ్ల పెద్దావిడ కిసే పురిటి బొంతను చింకి దుప్పట్ల మధ్య కుక్కి పెట్టింది, చుట్టాల కంట పడకూడదని. ఆ ఇంటి పిల్లలంతా దాని మీదే పుట్టారు. కోడలు ఇకుకోకి ఆ సంగతి తెలియదు. పొయ్యి మసి పట్టి, ముక్కవాసన కొట్టే మూట కనపడగానే, కూతురు పురిటికొచ్చే లోపల ఇల్లు శుభ్రం చెయ్యాలని, ఎవరూ చూడకుండా మిత్సుయెకి ఇచ్చేసింది. తీరా కూతురు చిహరు నిండు నెలలతో పుట్టింటికి వచ్చాక, కిసే మామ్మ అటక దగ్గర నిలబడి అంది:

"ఏమే ఇకుకో, బొంత తీసి ఎండలో వెయ్యి."

ఇకుకో ఇల్లంతా వెతికినట్టు నటించి, మంచులో చెప్పులు జారుతుంటే పరుగెత్తుకుంటూ మా దగ్గరికొచ్చింది.

"అక్కా, నేనిచ్చిన మూట ఉందా? ఉందని చెప్పు!"

మిత్సుయె సూదిని చేతి కిందున్న దిండులో గుచ్చి, గోడకున్న మేకు వైపు చూపించింది. అక్కడ కోటు వేలాడుతోంది. నీలం మీద నీలం, వెలిసిన నీలం, బూడిద రంగు. షాపుకి పంపడానికి సిద్ధంగా ఉంది.

ఇకుకో గుమ్మంలోనే కూలబడింది. "కోసేశావా? మా అత్త నన్ను బతకనివ్వదు. పైగా పిల్లకి ఏమన్నా అయితే..."

"కోశానా?" మిత్సుయెకి ఒళ్లు మండింది. "నా ఇంట్లో గుడ్డకి కత్తెర తగిలిందని చెప్పినదెవతె? చూపించు, చెవులు మెలేస్తా! మా అత్తగారు పోయి ఇన్నేళ్లయింది, ఇప్పటికీ కత్తెర పట్టుకుంటే వీపు మీద దెబ్బ పడుతుందేమోనని భయం నాకు."

"కోయకుండా కోటెలా అయ్యింది అక్కా?"

"ఒసే, నువ్వు చెప్పు దీనికి," అంది నాతో. నేనెందుకు చెప్తాను, నోట్లో ముల్లంగి ఉంది.

మిత్సుయె కోటు తిరగేసి, అస్తరు కుట్టు చివర విప్పింది. లోపల గుడ్డ మడతలు మడతలుగా ఉంది. మన చలికి పత్తి పండదు. నూలు గుడ్డంటే ఓడల్లో రావలసిందే. అందుకే ఆ కాలపు ఆడవాళ్లు ఒక్క పోగు వృథా పోనిచ్చేవాళ్లు కాదు. మిత్సుయెది ఆ పద్ధతే. కుట్లు విప్పుతుంది, మిగిలిన వెడల్పును లోపలికి మడుస్తుంది, అంతే. ఒక ఇంటి ముక్కలు ఇంకో ఇంటి వాటితో కలపదు. కోటులో ఇమడనివి పాత దారంతోనే కట్టి, పక్కన పెడుతుంది. ఆ చిన్న మూటను ఇకుకో ఒళ్లో పడేసింది.

"ఇదుగో మిగిలింది. పాత సూది రంధ్రాలు అలాగే ఉన్నాయి, చూడు. వాటి వెంబడే కుట్టుకుంటూ పోతే మళ్లీ మీ బొంతే. నాకు కొంచెం టైమియ్యి."

ఇకుకో ఏడుస్తూ నవ్వుతూ ముక్కు తుడుచుకుంటుండగానే ఫోన్ మోగింది. చిహరుకి నొప్పులు మొదలయ్యాయి. తండ్రి కారు తీస్తున్నాడు.

ఇంక విప్పేదేముంది! కోటూ మూటా పట్టుకుని ముగ్గురం పరుగు. నన్నెవరూ పిలవలేదు, అయినా వెళ్లాను.

కిసే మామ్మ గుమ్మంలోనే ఉంది. కోటు చూసి మొహం నల్లబడింది. అక్కడే కూర్చుంది. మామ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడమడం మొదలెట్టింది. కాలర్, వీపు, చేతులు. కుడిచేతి మోచేతి దగ్గర ఆగింది.

"ఇది మా అత్త వంటగుడ్డ. ఇది మా ఆయన చిన్నప్పటి చొక్కా." అంచు మడత లోపలికి వేలు పోనిచ్చింది. "కోయలేదు."

"కోయలేదు మామ్మా," అంది మిత్సుయె, బడిలో నిలబెట్టిన పిల్లలా.

"రాత్రికల్లా విప్పించేస్తా అత్తయ్యా," అంది ఇకుకో.

"విప్పి ఎక్కడ పరుస్తావే? ఆస్పత్రిలో తెల్ల పక్క మీద ఈ మసిగుడ్డ పరవనిస్తారా? ఈ దిగులుతోనే నాకు నిద్ర లేదు. కోటంటే ఒంటి మీద ఉంటుంది, ఎవరాపుతారు? గుడ్లప్పగించి చూస్తారేం, పిల్లకి తొడగండి!"

చిహరు నొప్పుల మధ్యే నవ్వింది. "మామ్మా, వాసనొస్తోంది!"

"మీ నాన్నదే ఆ వాసన, ఉతికినా పోలేదు. ఎక్కు కారు."

మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. కాన్పు గదిలో కోటు విప్పమంటే చిహరు దాన్ని కాళ్ల మీద వేయించుకుందట. నర్సమ్మ దాన్ని నిమురుతూ ఎక్కడ కొన్నారని అడిగిందట! కిసే మామ్మ ఆ మాట విని, విప్పొద్దు, ఇక మన ఇంట్లో పుట్టే పిల్లలందరికీ కోటే అని తేల్చేసింది. మిత్సుయె ఆ వేళ ఇంటికెళ్లి, గోధుమ రొట్టెబిళ్లలు వేసి సెంబే పులుసు కాచుకుని రెండు గిన్నెలు తాగింది. ఒక గిన్నె నాకు రావలసిందే, పోనీలెండి.

అయినా ఆ పుకారు మాత్రం ఆగలేదు. బొంతలిచ్చేవాళ్లు భయపడి ఆమె గుమ్మం తొక్కడం మానేశారు. ఆస్పత్రి నర్సమ్మ ఒక్కతే తనకూ ఓ కోటు కావాలని వచ్చి వెళ్లింది. మిత్సుయె ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే మనిషి కాదు. పట్టాల అటువైపు వెళ్లినప్పుడు ఒకసారి తొంగి చూడండి. ముందు తలుపు మంచులో కూరుకుపోయి ఉంటుంది, వెనక తలుపు తట్టండి. పొయ్యి వెలుగుతోందా, అన్నం తిందా, అడగండి.