వేదిక కింద మా బావ

సభ మొదలవగానే అందరూ వేదిక ముందుకు చేరతారు. మా బావ ఒక్కడే వేదిక కిందికి దూరతాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. పైన ఎవరు మాట్లాడినా, ఎవరు పాడినా ఆయన కింద ఇనుప గొట్టాల మధ్య గొంతుక్కూర్చుని, ఒక నిలువు గొట్టానికి అరచెయ్యి ఆనించి, నెత్తిమీది పలకల చప్పుడు వింటూ ఉంటాడు. చివరి మనిషి దిగాకే బయటికొస్తాడు. అప్పటికి నెత్తినిండా బూజు, మోకాళ్ళనిండా మట్టి.

ఆయన సభలకు వేదికలు కట్టే మేస్త్రి. నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. మైకుసెట్టు నాది. ఇద్దరం ఒకే వ్యానులో తిరుగుతాం కానీ ఒకరి పద్ధతి ఒకరికి పడదు. ఆయనకు నోరు లేదు, నాకు నోరు తప్ప ఇంకేం లేదు. నీకు కోపం ముక్కుమీదే ఉంటుందిరా అని మా అక్క అంటుంది. ఆయనకు ‘పిరికిమేస్త్రి’ అని పేరు పెట్టింది కూడా నేనే. ఏదో ఎగతాళికి ఒకసారి మైకులో అన్నాను, ఊరంతా పాకిపోయింది. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. పెళ్ళయిన కొత్తలో సొంతంగా కట్టిన మూడో వేదిక కూలింది. బృందగానం పాడుతున్న ఒక టీచరమ్మ కాలు విరిగింది. ఆవిడ మా బావను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదేమో. ఈరోజుకీ ఆవిడ చేతికర్ర పట్టుకుని బజారులో ఎదురైతే ఈయన పక్క సందులోకి తప్పుకుంటాడు. అప్పట్నుంచి ప్రతి వేదికకూ మొదటి మెట్టు మీద ఎంతమంది ఎక్కవచ్చో తెల్లరంగుతో రాస్తాడు. ఎవడు చూడొచ్చాడు? సభ చేసేవాళ్ళు వచ్చీరాగానే ఆ మెట్టు మీద ఎర్ర తివాచీ పరిచేస్తారు.

మొన్న ప్రపంచ పోటీల్లో నాలుగువందల మీటర్ల పరుగు గెలిచి బంగారు పతకం తెచ్చిందే ఒక అమ్మాయి, పేపర్లవాళ్ళు ‘మెరుపు’ అని పేరు పెట్టారు, ఆ పిల్ల పరుగు నేర్చుకున్నది మా ఊరి మైదానంలోనే. అప్పట్లో అక్కడ ఒక మంచినీళ్ళ కుళాయి వేయించండి మహాప్రభో అంటే ఒక్క నాయకుడూ చెవిన వేసుకోలేదు. పతకం రాగానే అందరికీ ఆ పిల్ల కూతురైపోయింది. అధికారపక్షం సన్మానం అంది, ప్రతిపక్షం మేమే ముందు అంది. ఆఖరికి ఇద్దరూ కలిసి ఒకే వేదిక అన్నారు. వేదిక మా బావది, మైకు నాది.

బావ రెండు రోజులు కష్టపడి కట్టాడు. మెట్టు మీద ‘ముప్పై మంది’ అని రాశాడు. సభరోజు మధ్యాహ్నం ప్రతి గొట్టాన్నీ ఊపి చూసి, ప్రతి మరనూ బిగించి, మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మంత్రిగారి కార్యదర్శి నామీద పడ్డాడు.

“ఇవేం బాక్సులయ్యా, ఇంతింత? ఫోటోల్లో మంత్రిగారికి అడ్డమొస్తున్నాయి. తీసి ఎక్కడన్నా పడెయ్!”

నాకు ఒళ్ళు మండింది. పడెయ్యడానికి అవేమన్నా చెత్తబుట్టలా? వేదిక ముందుభాగం కింద బోలెడు జాగా ఉంది. కాకపోతే నిలువు గొట్టాలు పక్కకు ఒరగకుండా బావ బిగించిన అడ్డగొట్టాలు రెండు దారికి అడ్డం. స్పానరు తెచ్చి ఆ రెండూ విప్పేశాను. బాక్సులు లోపలికి తోసి, ముందు గుడ్డ దించేశాను. అన్ని గొట్టాల్లో రెండు లేకపోతే కొంప మునుగుతుందా అనుకున్నాను. బావకు చెబితే ఒప్పుకోడు కాబట్టి చెప్పలేదు.

సాయంత్రం నాలుగింటికి సభ మొదలైంది. ఇసుక వేస్తే రాలనంత జనం. మొదట పద్దెనిమిది మంది ఎక్కారు. ఆ అమ్మాయి మధ్యలో కూర్చుంది. బక్కపలచని మనిషి, ఒళ్ళో పూలగుత్తుల గుట్ట. ఒక్కో నాయకుడూ లేచి, ఆమెను మొట్టమొదట ప్రోత్సహించింది తానే అన్నాడు. ఒకాయన ఎక్కితే ఆయన వెనక నలుగురు. ఈ పక్షంవాళ్ళు అయిదుగురు ఎక్కితే ఆ పక్షంవాళ్ళు ఆరుగురు. అందరికీ ఆ పిల్ల పక్కనే నిలబడాలి, కెమెరాలో పడాలి. దాంతో అందరూ ముందంచుకే చేరారు. నేను పక్కనే నా మిషను దగ్గర కూర్చుని సరదాగా లెక్కపెడుతున్నాను. ముప్పై తొమ్మిది. నలభై నాలుగు.

యాభై రెండు దగ్గర గుడ్డ కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా కాలు పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

వంగి లోపలికి దూరాను. మసక వెలుతురులో బావ మొహం పాలిపోయి ఉంది. ముందు వరస గొట్టం ఒకటి పక్కకు ఒరిగింది. ఆయన దాన్ని భుజంతో అదిమిపెట్టి, వ్యాను జాకీని పలక కింద పెట్టి తిప్పుతున్నాడు. పైన పలకలు కిర్రు కిర్రుమంటున్నాయి. ఎవరో నవ్వారు, ఎవరో కాలు మార్చారు, సన్నగా దుమ్ము రాలింది.

“ఒరేయ్, ఇక్కడ అడ్డగొట్టం ఉండాలి. నా చేత్తో నేనే బిగించాను. నీ బాక్సుల చాటున కనబడలేదు, చెయ్యి పెడితే లేదు. ఏమైంది?” అన్నాడు గుసగుసగా.

“నేనే తీశాను బావా. బాక్సుల కోసం. రెండు.”

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గొట్టానికున్న బెజ్జాలు వేలితో తడిమి చూశాడు. “ఇప్పుడు బిగించలేం. గొట్టం ఒరిగిపోయింది, బెజ్జాలు కలవవు. పైన ఎంతమంది?”

“యాభై రెండు.”

“ఆ పిల్ల ఎక్కడుంది?”

“సరిగ్గా మన నెత్తిమీద.”

ఆయన తల పైకెత్తాడు. భుజం మాత్రం కదలలేదు. “ఆ కాళ్ళు రా” అన్నాడు. నాకు చేతికర్ర టీచరమ్మ కళ్ళముందు మెదిలింది.

“మైకు ఆపేసి అరిచేదా, దిగిపొమ్మని?”

“వద్దు! గాభరాలో అందరూ ఒక్కసారి కదిలితే ఇప్పుడే పడుతుంది. మెల్లగా దించాలి. పోయి పెద్దవాళ్ళకు చెప్పు.”

పాక్కుంటూ బయటికొచ్చి కార్యదర్శి చెవిలో ఊదాను. వాడు గుడ్లురిమాడు. “మీ పిరికిమేస్త్రికి ఎప్పుడూ ఉండే రోగమేగా అది? మంత్రిగారిని ముందు దిగమంటే పరువు పోతుంది. వాళ్ళను దిగమంటే గొడవ చేస్తారు. పని చూసుకో ఫో!” నేను పెట్టిన పేరే తిరిగి నా మొహాన కొట్టాడు. మళ్ళీ కిందికి పాకి బావకు చెప్పాను.

“ఎవరూ దిగరురా” అన్నాడు బావ. కాసేపు పలకల వంక చూశాడు. “ఆ అమ్మాయి దిగితే? ఈ యాభైమందీ ఆమె పక్కన నిలబడటానికేగా ఎక్కింది. మైకు సరిచేసే వంకతో నువ్వు ఎక్కు. వెనక నుంచి ఎక్కు. మెల్లగా దిగమను. పరిగెత్తొద్దను.”

ఆ అయిదు మెట్లూ ఎక్కుతుంటే నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. నా ఒంటి బరువు తలుచుకుని నామీద నాకే అసహ్యమేసింది. మైకు ముందు పెద్దాయన ఒకరు, కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు చూసి చదువుతున్నారు. నేను వైరు సరిచేస్తున్నట్టు వంగి ఆ పిల్లతో అన్నాను.

“అమ్మా, అరవకు. వేదిక ఆగేట్టు లేదు. నువ్వు మెల్లగా దిగి అదిగో, అక్కడ నిలబడ్డ పిల్లల దగ్గరికి నడువు. నీ వెనకే అందరూ వస్తారు. పరిగెత్తొద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతాను.”

ఆమె మొహంలో రంగు మారింది. “కింద ఎవరన్నా ఉన్నారా అన్నా?”

“మా బావ ఉన్నాడు. పట్టుకుని ఉన్నాడు.”

ఆమె పూలగుత్తులు కుర్చీలో పెట్టి లేచింది. మెట్టు తర్వాత మెట్టు, పసిపాప అడుగులేసినట్టు దిగింది. లోకమంతా ఆమె వేగం చూసి చప్పట్లు కొట్టింది కదా, ఆ నెమ్మది చూసింది నేనొక్కణ్ణే. దిగి, తాడు అవతల నిలబడ్డ పిల్లల దగ్గరికి వెళ్ళింది. కెమెరాలవాళ్ళు అటు మళ్ళారు. అంతే, మంత్రి లేచాడు. ఆయన్ని చూసి అవతలి పక్షం నాయకుడు లేచాడు. ఇద్దరిద్దరు చొప్పున మెట్ల మీద తోసుకుంటూ దిగుతుంటే, ఒక్కో మనిషినీ లెక్కలోంచి తీసేస్తూ వచ్చాను. నలభై. పాతిక. పది.

ఒకటి దగ్గర లెక్క ఆగిపోయింది. పెద్దాయన ఇంకా చదువుతూనే ఉన్నారు. కాగితం తప్ప లోకం కనబడని మనిషి, వెనక కుర్చీలన్నీ ఖాళీ అయిన సంగతే తెలియదు.

వేదిక కిందికి దూరాను. “రా బావా, అందరూ దిగారు. ఆయనొక్కడేగా!”

“ఒక్కడుంటే మనిషి కాడా? నేను వదిలితే పలక ఊడుతుంది.”

“పోనీ మైకు ఆపేస్తాను.”

“ఆపితే ఏమైందా అని ముందుకొస్తాడు. చదవనీ. ఉన్నచోటే నిలబడి చదవనీ.”

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన పక్కన గొంతుక్కూర్చుని నా భుజం కూడా ఆ గొట్టానికి ఆనించాను. అప్పుడు తెలిసింది, గొట్టంలోంచి పైమనిషి అడుగు భుజానికి ఎలా తెలుస్తుందో. పెద్దాయన కాలు మార్చినప్పుడల్లా గొట్టాన్ని ఇంకాస్త అదిమాను. ఆయన ఇంకా మూడు కాగితాలు చదివారు. క్రీడాకారులకు గట్టి పునాది వేసింది తమ ప్రభుత్వమే అని రెండుసార్లు నొక్కి చెప్పారు. బావకు చెమట ధారగా కారుతోంది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. “నన్ను తిట్టు బావా” అన్నాను. “కదలకు” అన్నాడు.

ఆఖరికి అడుగులు మెట్ల వైపు మళ్ళాయి. బావ పెదాలు కదిలాయి, ఒక్కో మెట్టూ లెక్కపెట్టాడు. అయిదు అవగానే నన్ను జబ్బ పట్టుకుని బయటికి లాగాడు.

మేం నాలుగడుగులు వేశామో లేదో ముందుభాగం పెళపెళమని కుంగిపోయింది. కుర్చీలు, పూలగుత్తులు, నా బాక్సులు అన్నీ ఒక కుప్ప. తర్వాత ఎవడో అరిచాడు: “పిరికిమేస్త్రి వేదిక చూడండ్రా, ఖాళీగా కూడా నిలబడలేదు!” మైదానమంతా ఘొల్లుమంది. మంత్రి నవ్వాడు, కార్యదర్శి నవ్వాడు. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వకుండా మా వైపే చూస్తోంది.

నాకు నెత్తురు మరిగింది. మైకు ఇంకా పనిచేస్తోంది. జరిగిందంతా, నా తప్పుతో సహా, ఊరంతా వినేలా చెబుదామని పరుగెత్తబోయాను. బావ నా చెయ్యి వదల్లేదు. ఆయన కళ్ళు జనంలో ఒక్కొక్కరినే వెతుకుతున్నాయి, పెదాలు ఇంకా కదులుతున్నాయి.

“నవ్వనీరా” అన్నాడు. “యాభై రెండు మందీ కాళ్ళ మీద నిలబడే ఉన్నారు. లెక్కపెట్టాను.”