మిల్లు షెడ్డులోని యుద్ధం జీపు

కువైట్‌లో పన్నెండేళ్ళు వంటపని చేసి మామిడికుదురు తిరిగొచ్చాక నేను మొదట కొన్నది ఒక పాత జీపు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. కొత్తపేట దగ్గర ఒక రైసుమిల్లు షెడ్డులో, ఊక బస్తాల వెనక తుప్పు పట్టి ఉండేది. ఆ మిల్లులోనే మా అమ్మ బస్తాలు కుట్టేది. నా చిన్నప్పుడు ఓసారి ఆ జీపెక్కి కూర్చుంటే గుమాస్తా రెక్క పట్టుకుని దింపేశాడు.

జీపు చూసి మా బావగారు మండిపడ్డారు.

"ఆడకూతురివి, ఈ ఇనప సామానెందుకమ్మా? ఏ కారో కొనుక్కోకపోయావా?"

"కారు బాగుంటుందండి. నాకిదే కావాలండి," అన్నాను.

అమలాపురం మెకానిక్కు దాన్ని బాగుచేస్తున్నన్నాళ్ళూ పక్కనే కూర్చుని పని నేర్చుకున్నాను. ఆ బండిలో దాపరికం లేదు. బానెట్ ఎత్తితే ప్రతి గొట్టం, ప్రతి బోల్టూ కంటికి కనిపిస్తాయి.

రోడ్డెక్కించిన మొదటిరోజే బండి కాలువ వంతెన మీద ఆగిపోయింది. టీ కొట్టు దగ్గరి మగవాళ్ళు నవ్వుకుంటూ వచ్చారు.

"మీరు జరగండమ్మా, మేం తోసేత్తాం."

"మీరే జరగండి," అన్నాను.

కొంగు బొడ్లో దోపి, ముందువైపు స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి తిప్పాను. అది ఎదురు తిరిగి చెయ్యి విదిలించింది, భుజం లాగేసింది. అయినా వదల్లేదు. చివరికి ఇంజను అందుకుంది.

నెల తిరక్కుండా రాజోలు నుంచి ఒకాయన వచ్చి, తన రిసార్టు గేటు ముందు అలంకారానికి ఇమ్మని అడిగాడు. బావగారు ఇచ్చెయ్యమన్నారు.

"నిలబెట్టడానికైతే ఇవ్వనండి. ఇది నడిచే బండి," అన్నాను.

మర్నాడు పొద్దున్నే జీపులో తోటకెళ్ళి, బండినిండా కొబ్బరికాయలు వేసుకొచ్చాను.