మరిచిపోయిన ఎడమ కాలు

నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ, ఆవిడకు మాత్రం ఆ నవ్వే పంతొమ్మిదేళ్లుగా అన్నం పెడుతోంది. పొద్దున్న ఆరున్నరకు టీవీ పెడితే చాలు, నీలం చాప మీద నిలబడి, చెక్క కుర్చీ పట్టుకుని, "లేచారా? లేవకపోయినా పర్లేదు, ఒక కాలు కదపండి చాలు" అంటూ పలకరిస్తుంది. వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పిల్లా పెద్దా అందరికీ 'ఒకటీరెండు ఆంటీ'.

అంతకు ముందు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. మైకు లేకుండా మూడు వందల మందిని వరసలో నిలబెట్టిన గొంతు అది. టీవీకొచ్చాక ఆ మూడు వందల మందీ పోయి, ఎదురుగా కెమెరా అద్దమొక్కటే మిగిలింది. ఇంట్లో ఉన్నదే మన జిమ్ము అంటుందావిడ. ఒక కుర్చీ, తువ్వాలు, నీళ్లు నింపిన రెండు సీసాలు, అంతే. అసలు ఎవరైనా చేస్తున్నారా, లేక గోడకు చెప్పుకుంటున్నానా అన్న అనుమానం మాత్రం లోపల తొలుస్తూనే ఉండేది. దర్జీ పని చేసే భర్త ఆవిడ ట్రాక్‌సూట్లు కుడుతూ, "నువ్వు ఎగురుతుంటే జనం సోఫాలో పడుకుని చూస్తారే. చూస్తేనే వాళ్లకి ఒళ్లు తగ్గిపోతుంది" అని ఆటపట్టించేవాడు. నవ్వేసేది గానీ, ఆ మాట గుచ్చుకునేది.

ఇంతలో కొత్త ప్రొడ్యూసర్ దిగాడు. ఆవిడ కొడుకు వయసుంటుంది. వంగితే చొక్కా గుండీలు ఊడేలా ఉన్న మనిషి, ఒక సోమవారం ప్రసారానికి ఐదు నిమిషాల ముందు మేకప్ గదిలోకి వచ్చాడు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. మీ టైంలోకి కొత్తమ్మాయిని తీసుకుందామనుకుంటున్నాం. ఈ కుర్చీ వ్యాయామాలు ఇప్పుడెవరూ చెయ్యట్లేదు. ఈ వారం చూసి చెప్తాను."

"దానికేం బాబూ" అని నవ్వి, వెళ్లి చాప మీద నిలబడింది. ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. నవ్వు ముఖాన ఉంది, మనసు మనసులో లేదు. కుర్చీ పట్టుకుని కుడి కాలు వెనక్కి పదిసార్లు చాపించి, నేరుగా చేతులకు వెళ్లిపోయింది. చేతులయ్యాయి, మెడ అయింది, సెలవు తీసుకుంది. కెమెరా మీది ఎర్రదీపం ఆరాక గానీ గుర్తు రాలేదు, ఎడమ కాలు చేయించనే లేదని. సాకు కోసం వెతుకుతున్నవాడి చేతికి తానే కర్ర అందించింది.

బ్యాగు సర్దుకుని నడవలోకి వచ్చేసరికి, ఫోన్ల దగ్గర కూర్చునే ఆమె రిసీవరు చేత్తో మూసి పిలిచింది. "అక్కా, ఒకసారి రా. రెండు ఫోన్లూ ఆగట్లేదు. అందరిదీ ఒకటే గోల."

తిట్లు తినడానికి సిద్ధపడే అందుకుంది. అవతల ఒక ముసలావిడ గొంతు, కాస్త ఆయాసంగా.

"అమ్మాయ్, నేనింకా కుర్చీ పట్టుకునే నిలబడున్నాను. ఎడమ కాలు ఎప్పుడు?"

"రోజూ చేస్తారా అమ్మా?"

"చెయ్యకపోతే ఎలా? నువ్వు ఎదురుగా నిలబడి చూస్తుంటావు కదా."

ఆవిడకు కళ్లు నిండిపోయాయి. పంతొమ్మిదేళ్లలో ఇంత సంతోషం ఎరగదు. బ్యాగు కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుని, ఎడమ కాలు వెనక్కి చాపింది. "నాతో పాటు అనండమ్మా. ఒకటీ..."

అవతల నుంచి కూడా "ఒకటీ" అని వినబడింది.

అప్పుడే ప్రొడ్యూసర్ గదిలోంచి విసురుగా వచ్చి ఏదో అనబోయాడు. ఫోన్లామె పెదవి మీద వేలు పెట్టింది. లెక్క పదికి చేరేదాకా అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆలోగా రెండో ఫోను మోగితే తనే ఎత్తాడు. విన్నాడు. "ఉండండి" అని, రిసీవరు ఆవిడ వైపు చాపాడు.

"కొత్తమ్మాయి సంగతి నేను చూసుకుంటాను మేడమ్. ముందు వీళ్లది కానివ్వండి. ఇది కూడా ఎడమ కాలే."