ఒక్కసారే అడిగిన ఉర్సులా గారు

మొహమాటానికి పోయి కడుపు మాడ్చుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. మొహమాటానికి పోయి చదరంగంలో కప్పు పోగొట్టుకున్న మహానుభావుణ్ణి చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. తణుకు నుంచి అమెరికాలోని క్యారీ అనే ఊరికి వచ్చిన మొదటి ఏడాదిలోనే ఈ ఘనకార్యం చేశాను.

మా ఆఫీసులో తెలుగువాళ్ళం నలుగురం కలిసి ఒక టీము. కెప్టెన్ శ్రీధర్‌ది వరంగల్. నేను రాకముందు నుంచీ, ఆరేళ్ళుగా ఊరి లీగులో ఆఖరి స్థానం ఈ టీముదే. ఆ ఏడు ఎలాగో ఫైనల్‌కి చేరాం. మిగతా ముగ్గురి ఆటలూ అయిపోయాయి. నా ఆట డ్రా అయితే చాలు, కప్పు మాది.

నా ఎదుట ఉర్సులా గారు. స్విట్జర్లాండ్ ఆవిడ. పన్నెండో ఏట టోర్నమెంట్లు మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళు తన దేశం తరఫున ఆడి, ఇప్పుడిక్కడ మందుల కంపెనీలో పనిచేస్తున్నారు. నేనేమో రైల్లో పక్క సీటు తాతగార్లతో ఆడి నేర్చుకున్న బాపతు. ఆ రోజు ఆవిడకి జలుబు, నాకు అదృష్టం. ఆట ఎటూ తేలకుండా బిగుసుకుపోయింది. ఆవిడ ఒక ఎత్తు వేసి, నా వైపు చూసి, "డ్రా?" అన్నారు.

ఎగిరి గంతేసి సరే అనాలా వద్దా? కానీ పెద్దావిడ ఏదైనా ఇస్తానంటే మొదటిసారే చెయ్యి చాపడం మా ఇంటా వంటా లేదే!

"అయ్యో, నో నో, ఇట్స్ ఓకే మేడమ్" అన్నాను, కాఫీ వద్దన్నట్టు.

ఆవిడ తలూపి ఆటలో పడ్డారు. రెండోసారి అడుగుతారు కదా అని నేను నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. అడగలేదు. ఒక బంటును జరిపి మళ్ళీ నవ్వాను. ఆవిడ ముక్కు తుడుచుకున్నారు గానీ అడగలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అలా అయింది నా పని. ముందు గుర్రం పోయింది, తర్వాత ఏనుగు, ఆ తర్వాత కప్పు.

బయటికి రాగానే శ్రీధర్ పట్టుకున్నాడు.

"డ్రా ఇస్తనంటే వద్దన్నవా?"

"ఒక్కసారే అడిగారు శ్రీధర్!"

"మరి ఎన్నిసార్లు అడగాలె? బొట్టు పెట్టి పిలవాల్నా?"

"మూడుసార్లన్నా అడుగుతారు కదా..."

"నువ్వే అడగొచ్చు గదరా!"

"కాఫీ వద్దని చెప్పి, వంటింట్లోకెళ్ళి 'నా కాఫీ ఏదండీ' అంటామా?"

శ్రీధర్ తల పట్టుకుని పార్కింగ్‌లోనే కూలబడ్డాడు.

అంతలో ఉర్సులా గారే వచ్చి, డ్రా ఎందుకు వద్దన్నావని అడిగారు. మన మర్యాదంతా విడమరిచి చెప్పాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "పంతొమ్మిదేళ్ళప్పుడు మా జాతీయ పోటీ ఫైనల్లో నేనూ డ్రా వద్దన్నాను. అది గర్వం. ఓడిపోయి నెల రోజులు బోర్డు ముట్టుకోలేదు. నీది మర్యాద, నువ్వే నయం. ఆదివారాలు మా ఇంటికి రా, ఆట నేర్పుతాను" అన్నారు.

ఈసారి మొదటి పిలుపుకే సరే అన్నాను. కొత్త ఊళ్ళో ఆ ఆదివారాలే నన్ను నిలబెట్టాయి. మరుసటి ఏడు మాకు కప్పొచ్చింది. అదంతా ఆవిడ చలవే.

కృతజ్ఞతగా ఆవిడను భోజనానికి పిలిచాం. "వాళ్ళు వద్దంటే వద్దనే. బలవంతం చెయ్యకు" అని మా ఆవిడ పద్మకి ముందే చెప్పాను. పద్మ వేడివేడి గారెలు తెచ్చింది. ఉర్సులా గారు అచ్చ తెలుగులో "వద్దండి" అన్నారు. పద్మ బుద్ధిగా పళ్ళెం లోపలికి తీసుకెళ్ళిపోయింది.

ఆవిడ వంటింటి వైపే చూస్తూ నవ్వు మొహంతో కూర్చున్నారు. ఆ నవ్వు నాకు తెలియనిదా!

"గారెలు ఇష్టం లేదా మేడమ్?"

"చాలా ఇష్టం. మొదటిసారి వద్దనాలని నువ్వే కదా చెప్పావు! ఇంకా రెండుసార్లు ఉన్నాయి. ఎప్పుడు అడుగుతారు?"

ఆ గారెల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరు డ్రా ఇచ్చినా మొదటిసారే కళ్ళకద్దుకుని పుచ్చుకుంటాను. ఉర్సులా గారిని మాత్రం ఈ జన్మలో కావాలా వద్దా అని అడగను, తిన్నగా విస్తట్లో వేసేస్తాను.