జానెడు తక్కువైన పైపు

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమీ అనుకోకండి. ఒక అంకుల్ పడవ గురించి ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. అందుకే రాస్తున్నాను.

సింగపూర్‌లో పడవలు బాగుచేసే చిన్న యార్డులో నా పని. అంకుల్‌ది ఇక్కడే హౌగాంగ్‌లో ఫ్లాట్. తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్లు. ఆంటీ పోయాక ఆయనకు మిగిలింది ఒక చిన్న తెరచాప పడవే. నేను శ్రీకాకుళం వైపు చేపలు పట్టే ఇంటివాణ్ణని తెలిశాక, వచ్చినప్పుడల్లా నాకు టీ తెచ్చేవారు.

ఆయన వేళ్లలో పట్టు పోతూ వచ్చింది. గాలి పెరిగితే ముందు తెరచాప దించడానికి పడవ కొస దాకా పాకాలి. "ఇక ఒంటరిగా నడపలేకపోతే అమ్మేద్దాం" అని కొడుకు తేల్చి చెప్పాడు. మిగిలిన దారి ఒక్కటే, ఫర్లర్. తెరచాప ముందున్న తీగ చుట్టూ పైపు, కింద ఒక చక్రం. వెనక కూర్చుని తాడు లాగితే పైపు తిరిగి, చాప చుట్టినట్టు తెరచాప దానికి చుట్టుకుంటుంది.

ఏది కొనాలో చూడడానికి నన్ను షాపుకి తీసుకెళ్లారు. అక్కడ రెండు రకాలున్నాయి. చిన్నదానితో తెరచాప మొత్తం విప్పాలి, లేదా మొత్తం చుట్టాలి. పెద్దదానితో గాలిని బట్టి సగం కూడా చుట్టుకోవచ్చు.

"చిన్నది చాలప్పా. పడవా చిన్నదే, నేనూ చిన్నవాణ్ణే లా," అన్నారు, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' చేర్చి.

"ఊరుకోండంకుల్, డెబ్బై దాటినాక సిన్నోడేటి! ముందు రెండు తాళ్లూ లాగి సూడండి."

షాపతను రెండింటికీ ఒకే బరువు కట్టాడు. చిన్న చక్రం తాడు లాగుతుంటే అంకుల్ వేళ్లు తెల్లబడ్డాయి. పెద్ద చక్రం తాడు మెల్లగా వచ్చేసింది.

"అయ్యో, వెన్న మాదిరి వస్తోందే!" అని నవ్వారు. ఆ నవ్వు చూసి పెద్దదే తీసుకోమన్నాను.

ఇక పైపు కోయడానికి తీగ పొడవు కొలవాలి. ఆ తీగ పక్కనే తెరచాప ఎత్తే తాడును పై దాకా బిగించి లాగి, గుర్తు పెట్టి, కిందికి దించాను. మా వైపు వలతాళ్లు కొలిచినట్టే చేతులు రెండూ బారచాపి కొలవడం మొదలుపెట్టాను.

"టేప్ ఉంది కదప్పా?"

"మా నాన్న వలలన్నీ బారలతోనే కొలిసేవోడు అంకుల్. ఏ రోజూ తేడా రాలేదు."

ఆయనకు అది ఎంతో నచ్చింది. "మా తాత కూడా ఇలాగే కొలిచేవాడట," అంటూ తన చేతులూ చాపారు. ఆ సంబరం చెడగొట్టాలనిపించలేదు. ఇనప టేపు పెట్టెలోనే ఉండిపోయింది. బిగించినప్పుడు సాగిన తాడు, వదులు చేశాక పొట్టిదైందన్న సంగతి నాకు తట్టలేదు. ఆ లెక్కకే పైపు కోశాను.

ఒడ్డున కట్టి ఉన్నప్పుడు బాగానే తిరిగింది. ఆదివారం ఉదయం ఇద్దరం పడవ మీద సముద్రంలోకి వెళ్లాం, చుక్కాని నేను పట్టాను. సుమత్రా వైపు నుంచి నల్లమబ్బు లేచింది. గాలి రాగానే అంకుల్ తాడు లాగారు. కదల్లేదు. నేను లాగినా కదల్లేదు. తెరచాప సాగి, దాని పై కొసను పట్టి పైపు మీద జారే కొక్కెం పైపు చివర దాటిపోయి ఇరుక్కుంది. పైపు జానెడు తక్కువైంది.

నేను లేవబోయాను.

"నువ్వు చుక్కాని వదలొద్దు! నా పడవ, నేను చూస్తాను," అని ఆయనే ముందుకు పాకారు.

చేయి పట్టు దొరకలేదు. పడవలోనే పక్కకు పడ్డారు. భుజం విరిగింది.

ఎలాగో ఒడ్డుకు చేరాం. కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు కొలిచారు ఇది?" అని ఇంగ్లీషులో అరిచాడు.

"నేనే కొలిచాను లా," అన్నారు అంకుల్, నొప్పితో కళ్లు మూసుకుని.

నెల తిరక్కుండా పడవ అమ్మేశారు.

కొన్నవాడు దాన్ని మా యార్డుకే పంపాడు. ఈసారి టేపుతో రెండుసార్లు కొలిచి కొత్త పైపు వేశాను. బిగించాక చూపుడు వేలితో తోశాను. తిరిగింది.

ఆ తర్వాతి ఆదివారం హౌగాంగ్ వెళ్లాను. అంకుల్ కుర్చీలో ఉన్నారు. కుడిచేయి ఇంకా పైకి లేవడం లేదు. కొలిచింది నేనేనని మీ అబ్బాయితో చెప్తానన్నాను.

"ఎందుకప్పా? నీ పని పోతుంది. నా పడవ ఎలాగూ రాదు," అన్నారు. మళ్లీ ఆయనే, "ఆ ఫర్లర్ ఉందా? తీసేశారా?" అని అడిగారు.

"ఉందంకుల్. పైపు మార్సినాను."

"ఎలా తిరుగుతోంది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"ఒక్క ఏలితో తిరుగుతోంది అంకుల్."

ఆయన ఎడమచేతి చూపుడు వేలు మెల్లగా ఎత్తి, గాలిలో ఒకసారి తిప్పి చూసుకున్నారు.